తడి వడ్లకు టోకెన్

"మా ఏఐ నీ వడ్లకు గేటు టోకెన్ ఇయ్యనంటది కాకా," అంది ప్రత్యూష. మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లులో గేటునూ డ్రయర్‌నూ నడిపే ఏఐకి పని నేర్పింది ఆ పిల్లే.

మైసయ్య ట్రాక్టరు మీది పట్టా ఎత్తాడు. వానకు తడిసిన వడ్లు ఆవిరి కక్కుతున్నాయి. సాయంత్రందాకా ఆగితే మొలకలే.

"ఎందుకియ్యదు బిడ్డా?"

"తడిగున్నయంట. ఆరబెట్టుకొని రమ్మంటది."

"ఆరబెట్టే డ్రయర్ మీ లోపల్నే ఉన్నది గదా!"

"టోకెన్ ఉన్న వడ్లనే ఆరబెడతదంట."

"ఏఐ అంటే ఏమీ ఐతలేదనా బిడ్డా?"

వెనక ట్రాక్టర్లవాళ్లు నవ్వారు. ప్రత్యూష నవ్వలేదు.

"తప్పు దానిది కాదు కాకా. 'ఆరిన వడ్లకు టోకెన్ ఇవ్వాలి' అని రాసిచ్చింది నేనే. తడి వడ్లకైతే ముందు టోకెన్ ఇచ్చి డ్రయర్‌కు పంపాలని రాయలే. అందరికీ ఎరుకే గదా అనుకున్న."

"ఇప్పుడు రాయరాదు!"

"రాసిన. మిల్లు సేటు ఒప్పుకుంటేనే దానికి చేరుతది. ఆయన ఫోన్ ఎత్తుతలేడు."

గేటు బయట అందరికీ సంగతి అర్థమైంది. అర్థం చేసుకోవాల్సిన ఏఐ మాత్రం లోపలుంది.