రాగి భయం

"కాపర్-టీ తీసేయక్కా," అంది నయన, ఆసుపత్రి బల్లమీద పడుకుంటూ.

నర్సు గౌరమ్మ గ్లౌజులు తొడుక్కుంది. "నువ్వు తీయమంటే తీస్తా. నొప్పేమన్నా ఉండాదా?"

"లేదు. సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోస్తా కదా. కడుపులో రాగి ఉంటే కరెంటు లాగుతాదంట."

"అట్ల లాగదు తల్లీ. పోయిన కాన్పుకు రక్తమెక్కించి బతికించినారు నిన్ను. అప్పుడే ఇంకో కడుపు నీకు మంచిది కాదు. ఎవురు చెప్పినారు ఈ మాట?"

"మా ఆయన."

"ఆయనేం పని చేస్తాడు?"

"ఆ ప్లాంటులోనే. ఎలక్ట్రీషియను..."

తన మాట తనకే వినబడినట్టు నయన ఆగిపోయింది. పొద్దస్తమానం రాగి తీగలతో పనిచేసే మనిషికి ఆ మాత్రం తెలీదా? ఇంకో బిడ్డ కోసమే ఈ భయం పెట్టాడా?



నయన లేచి కూర్చుంది. చీర సర్దుకుంది.

"ఉండనీ అక్కా. ఇంట్లో మాత్రం తీసేసినావనే చెప్తా."