మూగనోము

“బెల్లం కొట్టిన రాయిలా అలా కూర్చోకురా. లోపల అడిగినప్పుడు కూడా ఇలాగే చూస్తావా?”

కంటాసుపత్రి హాల్లో, కొడుకు పక్కన బెంచీ మీద కూర్చుని తల్లి రుసరుసలాడుతోంది. మొన్ననే పద్దెనిమిది నిండిన కొడుకు చొక్కా కాలరు సర్దుకుని మళ్ళీ నేలచూపులు చూశాడు. ఇక్కడ చీటీలిచ్చే కౌంటర్లో మనిషి కావాలట, ఇవాళ ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగం కూడా తప్పిపోతే ఇల్లు గడవదు. ఆ మాట ఆమె పొద్దుట్నించి వాడి చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతూనే ఉంది.

అసలు కోపం వాడి మీద కాదు. ఆమె ఏళ్ళ తరబడి పనిచేసిన బట్టల దుకాణం మూతపడింది. ఇంకో దుకాణానికి వెళ్తే, అక్కడి కుర్ర మేనేజరు “ఈ వయసులో ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా మీకు?” అని పళ్ళికిలించాడు. ఇక చచ్చినా ఎవరినీ పని అడగనని ఆ రోజే ఒట్టేసుకుంది. సరిగ్గా అప్పుడే వీడికి రెండేళ్ళ ఏసీ మెకానిక్ కోర్సులో సీటొచ్చింది. స్కూలు చదువు అయిపోయిన పిల్లలకి కోర్సులూ ఉద్యోగాలూ చూసిపెట్టే మేడమ్ ఇంటికొచ్చి, వాణ్ణి పంపమని బతిమాలింది.

“ఆ రెండేళ్ళూ మేం గాలి భోంచేసి బతకాలా?” అని ఆవిడ మీద విరుచుకుపడింది తల్లి. ఆవిడ వెళ్ళాక వంటింట్లో గిన్నెలన్నీ ఎత్తి కుదేసింది. కొడుకు నోటి దగ్గర కూడు తనే లాగేస్తున్నానని ఆమెకి తెలుసు. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

పోనీ వీడైనా ఇంటర్వ్యూకి బుద్ధిగా తయారయ్యాడా? వారం రోజులుగా ఆ మేడమ్ రాసిచ్చిన ప్రశ్నలు తెచ్చి తల్లి ముందు పెట్టడం, “నువ్వయితే ఏం చెప్తావమ్మా?” అని నసపెట్టడం. వాడు ఒక్కదానికీ నోరు విప్పడు. ఒళ్ళుమండి అన్నిటికీ ఆమే చెప్పాల్సొచ్చేది.

ఇంతలో కౌంటర్ దగ్గర అరుపులు. ఓ భారీకాయం వరసని తోసుకుంటూ ముందుకెళ్ళి బల్ల గుద్దుతున్నాడు. కౌంటర్లో అమ్మాయి ఏడుపుమొహం పెట్టింది. తల్లి లేచింది.

“ఏం బాబూ, వీళ్ళంతా ఇక్కడికి సినిమా చూడ్డానికొచ్చారా?”

“మా నాన్నకి కన్ను నొప్పండీ!”

“మిగతావాళ్ళకి మోకాలు నొప్పా? కంటాసుపత్రిలో అందరికీ కన్నే. ఆ పెద్దాయన్ని అలా నిలబెట్టేశావే, ముందు కూర్చోబెట్టు. నువ్వెళ్ళి వెనకాల నిలబడు.”

భారీకాయం గొణుక్కుంటూ వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. కొడుకు ఇదంతా చూసి, “అమ్మా, ముందు నేనొక్కణ్ణే వెళ్ళొస్తా” అని లోపలికెళ్ళాడు. కాసేపటికి తలుపు సందులోంచి తొంగిచూశాడు.

“నిన్ను కూడా రమ్మంటున్నారు.”

“పద్దెనిమిదేళ్ళొచ్చాక కూడా వెంట అమ్మ రావాలా? సిగ్గులేకపోతే సరి!” అంటూనే ఆమె లోపలికి నడిచింది.

లోపల మేనేజరు, కళ్ళజోడు పెట్టుకున్న ఓ నడివయసు ఆవిడ, ఇద్దరికీ కుర్చీలు చూపించింది.

“కౌంటర్ దగ్గర ఎవరైనా నోటికొచ్చినట్టు తిడితే?”

కొడుకు తలెత్తి ఫ్యాను వంక చూశాడు. తల్లి మోచేత్తో పొడిచింది. ఉలకడు, పలకడు.

“ఇంట్లో అన్నీ చెప్పాడండీ, భయపడుతున్నాడు” అని అబద్ధమాడింది తల్లి. “ముందు తిట్టనివ్వాలి మేడమ్. నొప్పితో వచ్చినవాడు. కడుపులోది కక్కేశాక, ఎప్పట్నించి నొప్పి అని నెమ్మదిగా అడగాలి. సగంమంది అక్కడే చల్లబడతారు. అప్పటికీ ఆగకపోతే మనక్కూడా నోరుందని చెప్పాలి.”

“కంప్యూటర్?”

“నేర్పితే ఎవరికి రాదండీ? మా దుకాణంలో బిల్లుల మెషీన్ పెడితే నాకే ఇట్టే పట్టుబడింది. కుర్రాడు, వీడికి రాదా?”

“అనుభవం?”

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎక్కడికెళ్ళినా ఇదే పాట! పిల్లలకేమో అనుభవం లేదంటారు. అనుభవం ఉన్నవాళ్ళకేమో వయసైపోయిందంటారు. మరి మీకు ఎప్పుడు పుట్టినవాళ్ళు కావాలండీ? ఎవరూ పనివ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచొస్తుంది, చెట్టుకి కాస్తుందా? వచ్చిన సీటు వదులుకుని వచ్చాడు నా కొడుకు. నాకే పనుంటే వీణ్ణి మీ గడప ఎక్కించేదాన్నా?”

చేజేతులా చెడగొట్టానని అర్థమై, ఆమె కోపమంతా కొడుకు మీదికి మళ్ళింది.

“ఒక్క మాట... ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయిందిరా? ఏం మూగనోము పట్టావురా నువ్వు?”

వాడు తల వంచుకున్నాడు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“రేపు తొమ్మిదింటికల్లా వచ్చేయాలి. పొద్దున జనం ఎక్కువ.”

తల్లి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది.

“లేరా మొద్దూ! లేచి మేడమ్‌కి దండం పెట్టు! మీరేం బెంగపెట్టుకోకండి మేడమ్, రేపు వీణ్ణి నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తా.”

మేనేజరు వాడి వంక చూసి నవ్వింది.

“అతనికి రేపట్నించి కోర్సు క్లాసులటమ్మా, డ్యూటీకి మీరు రండి.”