గోడకు మూడు మెత్తలు

మొగుడి మీద ప్రమీలాదేవికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి రాత్రంతా నిద్రపోడు, పగలంతా మేలుకోడు.

సిద్దిపేట బజారులో లింగమూర్తి బట్టల దుకాణానికి మంచి పేరు వచ్చింది అందుకే. బట్ట కొలుస్తూ కొలుస్తూ కునుకు తీస్తాడు. కత్తెర తన దారిన తాను పోతుంది. జాకెట్టు గుడ్డకు వచ్చినావిడ లంగా గుడ్డతో ఇల్లు చేరుతుంది. పక్క దుకాణాల్లో గొంతు చించుకుని బేరమాడే ఆడవాళ్లు ఇక్కడ మాత్రం చప్పుడు చేయకుండా నిలబడతారు.

"మీరు కునికితే ఊరికి పండుగ," అనేది ప్రమీల.

"లగ్గం నాడు పీటల మీద గూడ కునికిన. అయ్యగారు లేపిండు. లేపకుంటే బతికిపోదును," అనేవాడు లింగమూర్తి.

సంగతి గురకతో ఆగిపోయి ఉంటే ఈ సరసాలు సాగేవే. కానీ పడుకున్నాక ఆ గురక మధ్యలో తెగేది. దాంతోపాటు ఊపిరీ తెగేది. ప్రమీల భుజం పట్టి కుదిపితే, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు గట్టిగా గాలి లాక్కునేవాడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. "హాయిగ పండుకున్న గదా," అనేవాడు, పళ్లు తోముతూనే కునుకుతూ.

హైదరాబాదులో పెద్ద డాక్టరు సంగతి తేల్చాడు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతోంది. గొంతులోకి గాలి కొట్టే మిషను విదేశాల్లో వచ్చిందట. తొంభై రెండులో మన దగ్గర దాని పేరు విన్నవాళ్లే తక్కువ.

"పక్కకు తిరిగి పడుకోవాలమ్మా. లేదంటే ఒరిగి కూర్చుని నిద్రపోవాలి. వెల్లకిలా మాత్రం వద్దు. ఏదో ఒకనాడు ఊపిరి మళ్లీ రాదు," అన్నాడు డాక్టరు.

బనీను వీపున జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టమన్నది కూడా ఆయనే. వెల్లకిలా తిరిగితే బంతి ఒత్తుకుని మనిషి పక్కకు జరగాలి. కానీ లింగమూర్తి ఒళ్లు మామూలు ఒళ్లు కాదు. మనిషి జరగలేదు, బంతే పూరీలా అణిగిపోయింది.

ఇక మిగిలింది కూర్చోవడం. గోడకు మూడు మెత్తలు చేర్చి, దవడ జారకుండా గడ్డం కింద నుంచి కండువా కట్టి, మొగుణ్ణి ఒరగబెట్టింది ప్రమీల. ఆ రాత్రి ఊపిరి తెగలేదు. మర్నాడు దుకాణంలో మీటరు బట్ట అడిగితే మీటరే కత్తిరించాడు. కొన్నావిడ మొహం మాడ్చుకుని పోయింది.

కోడలికి ఆశ పుట్టింది. అత్తకు భయం పుట్టింది.

గడపలో నిలబడి కొడుకును ఆ వాలకంలో చూసిన సిద్ధమ్మ చేతిలోంచి చెంబు జారిపోయింది.

"ఏంది పిల్లా గిది? వాని గడ్డానికి గుడ్డ కడ్తవా? ఇప్పు! వాన్ని మంచిగ నడుం వాల్చనియ్యి!"

"డాక్టర్ చెప్పిండు అత్తమ్మా. పంటే ఊపిరాడదు."

"డాక్టర్‌కు మన ఇంటి సంగతి ఏమెరుక? మీ మామ గిట్లనే, గీ గోడకే ఒరిగి కూసున్నడు. నా కండ్లతోటి జూసిన. గా రూపం నాకు మళ్ల జూపియ్యకు."

ప్రమీల వంగి చెంబు తీసి పక్కన పెట్టింది. కండువా మాత్రం విప్పలేదు.

అప్పటినుంచి ఇంట్లో రెండు పార్టీలు. ప్రమీల మెత్తలు పెట్టేది, సిద్ధమ్మ తీసేది. ఒకసారి మూడు మెత్తలూ బియ్యం బస్తాల వెనక దొరికాయి. లింగమూర్తి ఇద్దరి మాటా వినేవాడు. అంటే, ఆఖరున ఎవరు చెబితే వాళ్ల మాట.

"అవ్వ ఏడుస్తున్నది. ఇయ్యాల్టికి ఎట్లనో అట్ల పంట తియ్యి."

"ఎట్లనో అట్ల పండుకునే రోగం కాదు మీది."

కొండపాకలో తమ్ముడి బిడ్డను తొట్టెలలో వేస్తున్నారు. మేనత్త పోక తప్పదు. పోయేముందు ప్రమీల మెత్తలు గోడకు పేర్చి, అత్తగారి చేతులు పట్టుకుంది.

"గీ ఒక్క రాత్రి అత్తమ్మా. మీకు దండం పెడ్త."

సిద్ధమ్మ చేతులు విడిపించుకుంది. "వాన్ని కన్నది నేను. ఎట్ల పండవెట్టాల్నో నాకెరుక."

తెల్లారేసరికి మరిది జగదీశ్వర్ కొండపాకలో దిగాడు.

"అవ్వ నిన్ను తోల్కరమ్మంది, వదినా," అన్నాడు.

మళ్లీ మెత్తల పంచాయితీయే అనుకుంది ప్రమీల. దారి పొడుగునా అత్తకు చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది. కొన్ని బాగా కుదిరాయి కూడా.

ఒక్కటీ అక్కరకు రాలేదు.

లింగమూర్తి గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. వెనక మూడు మెత్తలు. గడ్డం కింద కండువా. ముడి ప్రమీల వేసేదానికన్నా పద్ధతిగా ఉంది. అంతా సిద్ధమ్మ తన చేతులతోనే చేసిందట. ఇంట్లో గురక లేదు.

ప్రమీల పోయి పక్కన కూర్చుంది. సిద్ధమ్మ కోడలి కళ్లలోకి చూడలేదు. కొడుకు నుదుటి విభూతిని కొంగుతో సరిచేసింది. ఒక మెత్త కిందికి జారితే పైకి జరిపింది.

"తప్పు నాదే బిడ్డా, ఇగ కూసొనే పండుకో," అని వాకిట్లో అందరికీ వినపడేటట్టు అని ఆమె పక్కకు తప్పుకుంటే, పోయినవాళ్లను కూర్చోబెట్టే పూడ్చే ఆ ఇంటి ఆచారం ప్రకారం, ఒకప్పుడు తండ్రిని ఎత్తినట్టే, నలుగురూ లింగమూర్తిని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే భుజాలకెత్తుకున్నారు.