లేడి, కందిరీగల పొద

ఒక లేడి నీళ్లకని పరుగున వెళ్తూ దారిలోని ముళ్లపొదను గుద్దుకుంది. అందులో గూడు కట్టుకున్న కందిరీగలు లేచి దాని మొహమంతా కుట్టాయి. మడుగుకు వేరే దారి లేదు. రెండు రోజులుగా ఆ లేడీ, దాని మందా గుట్ట మీదే దాహంతో నిలబడిపోయాయి.

అటుగా వచ్చిన తాబేలు, "నాతో రా అక్కా" అంది.

"నీకు డిప్ప ఉంది. నాకేముంది?" అంది లేడి.

"నా తల మెత్తనిదేగా! అయినా రోజూ ఆ పొద పక్కనుంచే పోతున్నాను. పరుగెత్తకు, అంతే."

లేడి తాబేలు వెనక మెల్లగా నడిచింది. పొద దగ్గరికి రాగానే ఒక కందిరీగ వచ్చి దాని చెవి మీద వాలింది. పారిపోవాలనిపించినా లేడి ఊపిరి బిగబట్టి నిలబడింది.

"మొన్న మా గూటి మీద పడింది నువ్వేగా?" అంది కందిరీగ. "లోపల మా పిల్లలున్నారు. హడలిపోయాం."

"చూసుకోలేదమ్మా. ఇకమీద ఎడంగా నడుస్తాను."

కందిరీగ లేచి గూటికి వెళ్లిపోయింది.

లేడి మడుగులో మూతి పెట్టి కడుపునిండా తాగింది. తర్వాత గుట్ట వైపు తిరిగి మందను కేకేసింది.

"రండి! మెల్లగా రండి!"