పెండ్రిత్ దొర మహిమ

“అమ్మాయీ, అది గుడి కాదు. బూట్లు వేసుకో, జలుబు చేస్తుంది,” అన్నారు డాక్టర్ సీతారామారావు.

నది ఒడ్డు పార్కులో కంచు విగ్రహం చుట్టూ సాక్సులతో ప్రదక్షిణ చేస్తున్న నిఖిల ఆగలేదు. ఆ చుట్టు ముగించి, విగ్రహానికి దణ్ణం పెట్టుకుని, అప్పుడు వచ్చింది.

“సారీ అంకుల్. మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతది.”

ఆ విగ్రహం డాక్టర్ సైలస్ పెండ్రిత్‌ది. బ్రిటిష్ వాళ్ళ హయాంలో పడవ మీద ఈ చలిదేశపు నది ఒడ్డుకు చేరి, వైద్యం చేసుకుంటూ ఎకరానికి ఎకరం కలుపుకుని, చివరకు తన పేరిట ఊరే కట్టిన దొర. విగ్రహాన్ని తొలగించాలా, ఉంచాలా అన్నది ఆ మధ్యాహ్నం టౌన్ హాల్‌లో తేలబోతోంది. ఊరి చారిత్రక సంఘానికి అధ్యక్షుడు సీతారామారావే. ఈ ఊళ్ళోనే పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన ఆయన, తొలగించడమే న్యాయమని నివేదిక కూడా రాశారు.

“ఈయనకు మొక్కమని ఎవరు చెప్పారు నీకు?”

“మా కాలేజీ సీనియర్స్ అంకుల్. హైదరాబాద్ పక్కన వీసాకి మొక్కే గుడి ఉంది కదా, ఇక్కడ పీఆర్‌కి, అదే ఈ దేశంలోనే ఉండిపోయే పర్మిషన్‌కి, ఈయన. అనితక్కకి స్కోర్ తక్కువున్నా పీఆర్‌కి ఇన్విటేషన్ వచ్చింది. తారక్‌కి కూడా వచ్చింది. నా వర్క్ పర్మిట్ వచ్చే నెల అయిపోతది. ఇంకెవరిని అడగాలి?”

“ఎలాంటివాడో తెలిసే అడుగుతున్నావా? జ్వరాలతో పడి ఉన్న ఆదివాసుల దగ్గర మందుకు ఫీజుగా భూములు రాయించుకున్నాడు. ఈ ఒడ్డంతా వాళ్ళదే.”

నిఖిల విగ్రహం వైపు మరింత భక్తిగా చూసింది. “ఒక్క పేపర్ లేకుండా పడవ దిగి, ఊరికి ఊరే తన పేరు మీద చేయించుకున్నాడు. ఇంతకంటే పవర్‌ఫుల్ ఎవరుంటారు అంకుల్?”

ఎన్నో పుస్తకాలు తిరగేసి నివేదిక రాసిన సీతారామారావు కూడా విగ్రహం వైపు మరోసారి చూశారు.

“మీటింగ్‌లో మీరే పెద్ద అంట కదా,” అంది ఆమె గొంతు తగ్గించి. “కొన్నాళ్ళు ఉంచండి అంకుల్. నా రిజల్ట్ వచ్చేదాకా. తర్వాత మీ ఇష్టం.”

“నా చేతుల్లో లేదమ్మా. ఆ ఆదివాసుల ఇంటి ఆడపడుచు మార్లీన్ మా సంఘంలో సభ్యురాలు. ఈ బొమ్మ దిగాలని జుట్టు నెరిసేదాకా పోరాడింది. ఇవాళ ఉంచమని చెప్పి ఆవిడకు నా మొహం ఎలా చూపించను?”

నిఖిల తల వంచుకుని మళ్ళీ మొదటి నుంచి చుట్లు మొదలుపెట్టింది.

మధ్యాహ్నం సభలో వాదోపవాదాలు నెమ్మదిగానే సాగాయి. సభ్యులలో సగం మంది తొలగించమన్నారు, సగం మంది ఉంచమన్నారు. ఇక మిగిలింది మార్లీన్ ఒక్కతే. ఆమె ఏమంటుందో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. సీతారామారావు కలం మూత తీసి, తీర్మానం రాయడానికి సిద్ధపడ్డారు.

“వాయిదా వేద్దాం,” అంది మార్లీన్. “కొన్నాళ్ళు ఉండనివ్వండి. ఎన్నాళ్ళని మాత్రం అడగకండి.”

విగ్రహాన్ని ఉంచమన్నవాళ్ళు సంతోషించడం కూడా మరచిపోయి ఆమె వైపే చూస్తూ ఉండిపోయారు. వాయిదా తీర్మానం నెగ్గింది. కారణం అడుగుదామని సీతారామారావు కాగితాలు సర్దుకునే లోపే మార్లీన్ కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆయన వెతుక్కుంటూ పార్కుకు వచ్చేసరికి విగ్రహం చుట్టూ నిఖిల తిరుగుతోంది. ఆమె వెనకే, అదే వరసలో, సాక్సులతో మార్లీన్ నడుస్తోంది. పిలిచినా ఆగకపోవడంతో ఆయన కూడా పక్కన నడవక తప్పలేదు.

“ఈ పిల్ల మీద జాలిపడి వాయిదా వేయించారా?”

“జాలా? ఈ పిల్లలు నాలుగు రోజులుగా ఇక్కడ ఏం చేస్తున్నారా అని నేనే అడిగాను. ఈ నేల మీద చోటు కావాలని ఎవరు తిరిగినా ఈయన ఇప్పిస్తాడట కదా. మొక్కినవాళ్ళందరికీ దొరికిందట.”

“మీరు కూడా నమ్ముతున్నారా? ఈయన మీకేమిస్తాడు మార్లీన్?”

మార్లీన్ అడుగు తడబడకుండా విగ్రహం దిమ్మె మూల తిరిగింది.

“మా భూమి మాకు తిరిగిమ్మని అడుగుతున్నాను డాక్టర్. ఇచ్చేదాకా ఈయన్ని ఇక్కణ్ణించి కదలనివ్వను.”