మూడో కుండీ

"గీ మొక్కను ఎవరు చంపుతున్నరు నర్సింగమ్మా?"

ఆఫీసర్ సుచరిత మేడం గొంతు ఆఫీసు వరండా దాటి రోడ్డు మీదికి వినబడింది. ఆమె చేతిలో జేడ్ మొక్క కుండీ ఉంది. గంగవాయిలి ఆకుల్లా దళసరిగా, నిగనిగలాడుతూ ఉండాల్సిన ఆకులు పసుపురంగుకు తిరిగి, మెత్తబడి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. మేడం మట్టిలో వేలు గుచ్చి చూపించింది. అంతా బురద.

"మూడు కుండీలు తెచ్చి నెల గాలే. గిది నీళ్లు ఆకుల్లనే దాసుకునే మొక్క. పదిరోజులకొకసారి పొయ్యమని ఎన్నిసార్లు చెప్పిన?"

"గట్లనే పోస్తున్న మేడం. మూడు కుండీలకూ నేనే పోస్తున్న. మీ గదిలది మంచిగున్నది. మమతమ్మ టేబుల్ మీదిది మంచిగున్నది. రామచంద్రం సార్ గదిలదే ఖరాబయితాంది. నాకు గా ఒక్కదాని మీద పగనా?"

"ఎదురు మాట్లాడకు! వచ్చే సోమవారం పెద్దసార్లు ఆఫీసు చూడనీకి వస్తున్నరు. గప్పటికి గిది చచ్చిందనుకో, కొత్త అవుట్‌సోర్సింగ్ లిస్టుల నీ పేరు రాయ. జర మంచినీళ్లియ్యి, ఒర్రి ఒర్రి గొంతు ఎండింది."

నర్సింగమ్మ ఇచ్చిన గ్లాసును నిలబడే గటగటా తాగేసి, మేడం మళ్లీ తిట్లకు దిగింది.

నర్సింగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్లుగా ఈ భువనగిరి ఆఫీసులో ఊడుస్తోంది, తుడుస్తోంది, ఫైళ్లు మోస్తోంది. మొగుడు పోయాక ఈ కొలువే ఆమెకు దిక్కు. అంత కొలువూ జానెడు లేని ఒక మొక్క పాలవుతుందంటే ఒళ్లు మండదా మరి?

సూపరింటెండెంట్ రామచంద్రం సార్ తన గదిలో కుర్చీలోంచి లేచి వచ్చి అడ్డుపడ్డాడు. "పోనియ్యండి మేడం. పాపం, మంచిగ పనిచేసే మనిషి."

"మీ గదిల ఎవరు నీళ్లు పోస్తున్నరో మీకు తెల్వదా?"

"ఫైళ్లల్ల మునిగి ఉంట మేడం. ఏం గమనిస్త?"

నోట్లో నాలుక లేని మనిషి. వచ్చి ఎనిమిది నెలలైంది, ఒక్కనాడు విసుక్కోలేదు. నర్సింగమ్మ మనసులోనే ఆయనకు దండం పెట్టుకుంది. ఆమె ఊళ్లో హోటల్ వాడు ఆమె కులం వాళ్లకు గ్లాసులు వేరే పెట్టేవాడు, తాగి వాళ్లే కడిగి బోర్లించాలి. అలాంటిది ఇక్కడ అంత పెద్దకులం సార్ ఆమెను 'అమ్మా' అని పిలుస్తాడు. రోజూ ఆమె పెట్టే మూడు గ్లాసుల నీళ్లలో చుక్క మిగలదు. ఆ ముచ్చట వాడలో అందరికీ చెప్పుకుంది.

మేడం మీది కోపమంతా తీసుకెళ్లి కంప్యూటర్ ముందున్న మమత మీద కుమ్మరించింది. సంతకాల పేరుతో సార్ గదిలోకి పదిసార్లు పోయేది మమతే. చంకలో ఎప్పుడూ లీటరు సీసా.

"మమతమ్మా, నీ సీసల మిగిలిన నీళ్లు సార్ కుండీల పోస్తున్నవా?"

"నీకేమన్న దిమాక్ ఖరాబయిందా? నా మొక్కనే నేను ముట్ట."

"మరి గంత గరమెందుకైతున్నవ్?"

"లేని తప్పు మోపితే గరం కాకుంటే నవ్వుతరా? పో, నీ పని చూస్కో!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని నర్సింగమ్మ గొణుక్కుంది.

మంగళ, బుధవారాలు సార్ ఆలేరులో పెళ్లి ఉందని సెలవు పెట్టాడు. నర్సింగమ్మ ఆయన గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఎండలు ముదిరి భువనగిరి గుట్ట సెగలు కక్కుతున్న రోజులు. రెండు రోజుల్లో కుండీలో మట్టి పొడిబారింది. ఒక్క ఆకు రాలలేదు. గురువారం గది తెరిచారు. సాయంత్రానికి మళ్లీ బురద.

"తలుపు తెరిస్తే చాలు, దొంగది సొరబడుతాంది. రేపు చెప్త దాని సంగతి" అనుకుంది నర్సింగమ్మ పళ్లు కొరుకుతూ.

శుక్రవారం పదకొండింటికి ఎప్పటిలాగే సార్ టేబుల్ మీద నీళ్లు పెట్టింది. "పోస్టాఫీసుకు పోతున్న సార్, గంటైతది" అని నలుగురికీ వినబడేలా చెప్పి, వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి పక్కనున్న రికార్డు గదిలో దూరింది. మధ్య తలుపు సందులోంచి సార్ టేబులు, కిటికీలో కుండీ రెండూ కనిపిస్తున్నాయి. చేతిలో చీపురు. మమత నీళ్లు పొయ్యంగనే జుట్టు పట్టుకుని మేడం ముందుకు ఈడ్చుకుపోవాలి. ఆ తర్వాత లిస్టులో తన పేరు ఎవరు కొట్టేస్తారో చూడాలి.

మమత వచ్చింది. చంకలో సీసా ఉంది. నర్సింగమ్మ పిడికిలి బిగిసింది. మమత కాగితాలు పెట్టింది, సంతకాలు తీసుకుంది, కుండీ వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది.

నర్సింగమ్మకు పిచ్చెక్కినట్టయింది. మమత కాకపోతే ఇంకెవరు? గదిలో మరో మనిషి లేడు.

సార్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. సంచిలోంచి ఇంటి సీసా తీసి, ఎత్తి పట్టుకుని కడుపునిండా తాగి, మూత బిగించాడు. కండువాతో మూతి తుడుచుకున్నాడు.

తర్వాత నర్సింగమ్మ పెట్టిన గ్లాసు తీసుకెళ్లి కుండీలో పోశాడు.