దుప్పిగారి ఉపన్యాసం

...సారీ వదినా, అసలు సంగతికి రావడానికి ఇంతసేపు పట్టింది, ఏమనుకోకు. ఆ కుర్ర గిజిగాడికి గూడు అల్లడం బ్రహ్మాండంగా వచ్చు. వేలాడదీయడానికే కొమ్మ లేదు, తుమ్మచెట్లన్నీ ఏనుగులు విరిచేశాయి. వానలు పడేలోగా గూడు చూపించకపోతే, వాడు మనసుపడ్డ పిల్ల ఇంకో తోపుకి ఎగిరిపోతానంది. వాడు పరుగున పోయి అడవి పెద్ద దుప్పిగారికి మొరపెట్టుకున్నాడు.

"బెంగపడకు నాయనా, కుర్రపక్షులందరికీ గూళ్ళు అల్లడం నేర్పిస్తాం," అన్నారాయన.

"అల్లడం వచ్చండీ. కొమ్మ కావాలి."

"నేర్పేదెవరనుకున్నావ్? సాక్షాత్తూ కోయిలమ్మ!"

కోయిల జన్మలో గూడు కట్టిందా, నువ్వే చెప్పు?

ప్రారంభోత్సవం రోజున దుప్పిగారు యువత భవిష్యత్తు గురించి మాట్లాడుతూనే ఉన్నారు, తల కూడా కదపకుండా. అడవి మొత్తంలో గిజిగాడికి ఇంత స్థిరమైన చోటు ఇంకోటి కనపడలా. గడ్డిపోచ తెచ్చి ఆయన కొమ్ముకి ముడేశాడు. ఉపన్యాసం చివరికొచ్చేసరికి గూడు తయారు, పిల్ల లోపలికి దూరింది.

"ఇక ముగిస్తున్నాను," అన్నారు దుప్పిగారు.

"అయ్యయ్యో, కదలకండి! ఇంకాస్త మాట్లాడండి, గుడ్లు పెడుతోంది!"

"దానికేం భాగ్యం!" అని ఆయన మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నారు. ఆ... వస్తున్నానండీ! ఉంటా వదినా, మీ తమ్ముడు పిలుస్తు–